నోరెత్తని మనిషట!

పోయిన నెల మా పెద్దమ్మ జ్ఞాపకార్థ కూడికలో, షామియానా కింద కూర్చుని, ఒళ్లు మండిపోతుంటే పళ్లు బిగబట్టుకున్నాను. ప్రసంగానికి గుంటూరు నుంచి ఒక అయ్యగారిని పిలిచారు. ఆయన ఆమెను జన్మలో చూసి ఉండరు. పూలదండ వేసిన ఫోటో వైపు చెయ్యి చాపి అన్నారు గదా, "ఎన్ని శోధనలు వచ్చినా నోరెత్తి ఒక్క మాట అనని సహోదరి. జరిగిన అన్యాయాన్ని మౌనంగా భరించింది. అందుకే దేవుడు ఆమెకు సమాధానం ఇచ్చాడు. అక్కల్లారా, మీరూ అలాగే ఉండండి."

ముందు వరసలోంచి "ఆమెన్" అని గట్టిగా వినిపించింది. నేనెక్కడ లేస్తానోనని మా అమ్మ నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

నోరెత్తని మనిషట! ఆమె నోరెత్తితే పర్చూరు రోడ్డు మీద పోయే ఆటో ఆగి, ఎవరికి ఏమైందో కనుక్కుని మరీ కదిలేది. ఒక మనిషి చచ్చిపోయింది కదా అని, ఇంక తిరిగి మాట్లాడలేదు కదా అని, ఆమె నోట్లో మట్టి కొట్టి అదే ఆమె మంచితనం అంటారా? మౌనంగా భరించమని ఇంకెవరికైనా చెప్పుకోవాలంటే వేరే ఫోటో పెట్టుకోండి. ఆమె ఫోటో ముందు మాత్రం కాదు.

ఆమె నాకు వరసకి పెద్దమ్మ. మా పల్లె, అంటే ఊరికి దక్షిణంగా చర్చి చుట్టూ ఉన్న మా ఇళ్లలో, మాదీ వాళ్లదీ ఒకే గోడ. ఆమె పొద్దున్నే చేసుకునే ప్రార్థనే మాకు నిద్ర లేపే గంట. అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తారా, ఈమె కళ్లు తెరుచుకుని చేసేది. ఎందుకు పెద్దమ్మా అంటే, "మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషి మొహం చూడకుండా మాట్లాడతామా ఏందే?" అనేది. నిజంగానే ఎదురుగా ముక్కాలి పీట మీద ఎవరో కూర్చున్నట్టే ఉండేది ఆ మాట తీరు. "నాయనా, నిన్న చెప్పిందే మళ్లీ చెబుతున్నానని విసుక్కోమాక. నువ్వు చెయ్యకపోబట్టే మళ్లీ చెబుతున్నా." మా నాన్న గోడకి ఇటువైపు దుప్పటి కప్పుకుని నవ్వేవాడు.

మిరపకాయల కాలంలో పొద్దస్తమానం కల్లంలో కూర్చుని రంగు పోయిన తాలు కాయలు ఏరేది. ఏడుపొస్తే మోచేత్తో తుడుచుకునేది. "ఈ చేత్తో కన్ను ముట్టుకుంటే మొదటి ఏడుపు మర్చిపోయి రెండో ఏడుపు ఏడవాలి" అని నవ్వేది. వాన రాకపోతే భయం, వస్తే కల్లంలో కాయ తడుస్తుందని భయం, పురుగు భయం, రేటు భయం. మా నేలలో మనిషికి భయానికి కరువు లేదు. ఎవరైనా ఆమె దగ్గరికొచ్చి గుండె దడగా ఉంది అక్కా అంటే, "నాకూ వచ్చింది పొద్దున. కూర్చోమన్నా, ఇంత మజ్జిగ పోశా, తాగి లేచి పోయింది. నీ దగ్గరికొచ్చిందా? నువ్వూ మజ్జిగ పొయ్యి. అన్నం మాత్రం పెట్టమాక, ఉండిపోద్ది" అనేది. వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. అప్పుడు వాళ్ల చెయ్యి పట్టుకుని, నవ్వు ఆపేసి, ప్రార్థన చేసేది.

ఈ నిబ్బరం ఆమెకు పుట్టుకతో రాలేదు. ఎవరూ పళ్లెంలో పెట్టి ఇవ్వలేదు. అది ఎట్లా వచ్చిందో నేను దగ్గరుండి చూశాను కాబట్టే నాకింత మంట.

మా పెదనాన్న, అంటే ఆమె భర్త, ఊళ్లో ఒక ఆసామి మిరపచేలో పురుగుమందు కొట్టడానికి వెళ్లేవాడు. ఎండ ఇంకా తగ్గని రోజులు. ఒకరోజు మధ్యాహ్నం చేలోనే పడిపోయాడు. గుంటూరు తీసుకెళదామని ఆటో ఎక్కించారు. ఆటో చిలకలూరిపేట దాటకముందే ప్రాణం పోయింది.

శవం ఇంటికి రాకముందే ఊళ్లోకి ఇంకో మాట వచ్చేసింది. తాగాడట. ఇంట్లో ఏదో గొడవపడి, పురుగుమందు తాగి చచ్చాడట. ఆ మాట పుట్టించింది ఆసామే. తన చేలో, తను పెట్టిన పనిలో మనిషి పోయాడంటే తన మెడకు చుట్టుకుంటుంది. పోయినవాడే తాగాడంటే ఎవరికీ బాధ్యత లేదు. మా పల్లెలోకి కూడా వచ్చాడు, పెద్దమనిషిలా ముఖం పెట్టుకుని. "పోలీసులు, పోస్టుమార్టం అంటూ పోయారంటే శవాన్ని కోసి కుట్లేసి ఇస్తారు. మీ మంచికే చెబుతున్నా. గుట్టుగా పూడ్చుకోండి, నేను చూసుకుంటా" అన్నాడు. మావాళ్లు భయపడ్డారు. చంపినవాడే దయ చూపిస్తున్నట్టు నిలబడితే, ఆ దయకి దణ్ణం పెట్టి పంపించారు!

అంతకన్నా ఘోరం చర్చి దగ్గర జరిగింది. ఆత్మహత్య చేసుకున్నవాణ్ణి గుడిలోకి తీసుకురాకూడదని సంఘ పెద్దలు ఇద్దరు తలుపుకి అడ్డంగా నిలబడ్డారు. ఇద్దరూ ఆ ఆసామి పొలమే కౌలుకు చేస్తున్నారు. అప్పటి అయ్యగారు మెతక మనిషి, చేతులు నలుపుకుంటూ ఒక పక్కన ఉండిపోయారు.

పెద్దమ్మ పాడె చర్చి గేటు ముందు దింపించింది. దాని పక్కనే మట్టిలో కూర్చుంది.

"నా మొగుడు మందు కొడతా చచ్చాడు. తాగి చావలా. మీరు తలుపు తీసేదాకా ఇక్కణ్ణుంచి లేవను" అంది.

పెద్దల్లో ఒకాయన అన్నాడు, "ఏమ్మా, సాక్ష్యం ఏది? ఎవరు చూశారు?"

అప్పుడు జనంలోంచి మస్తాన్ మామ ముందుకొచ్చాడు. మా ఊరి సాయిబుల్లో ఒకడు, పెదనాన్నతో కలిసి అదే చేలో మందు కొట్టిన మనిషి. ఆ ఆసామి దగ్గరే పని.

"నేను చూశానండి. నా పక్క సాలులోనే ఉన్నాడు. కళ్లు తిరుగుతున్నాయి, పని ఆపి దిగుతానన్నాడు. కలిపిన మందు పారబోస్తామా, అది అయ్యాక దిగు అన్నారు ఆసామి. పంపు నాజిల్‌కి చెత్త అడ్డం పడితే నోటితో ఊదుకున్నాడు. ఇంకో నాలుగు అడుగులు వేశాడో లేదో, పడిపోయాడు. తాగలేదు. అల్లా సాక్షిగా చెబుతున్నా."

ఆ చిన్న ఊళ్లో అంత మాట అనడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. మర్నాటి నుంచి ఆ మనిషికి ఊళ్లో పని లేదు. కొన్నాళ్లకి భార్యాబిడ్డల్ని తీసుకుని వినుకొండ వైపు వెళ్లిపోయాడు. ఆ మాట విన్న మన పెద్దలు ఏమన్నారో తెలుసా? "సాయిబు మాట పట్టుకుని గుడి తలుపు తీస్తామా?"

తియ్యలేదు. ఎండ చుర్రుమంటోంది. శవం ఉబ్బుతోందని బంధువులే బతిమాలి ఆమెను లేపారు. నేరుగా సమాధుల దొడ్డికి మోసుకుపోయి, అయ్యగారు గొణిగినట్టు రెండు మాటల ప్రార్థన చేస్తే, పూడ్చేశారు.

ఆ తర్వాత ఆమె చర్చికి రాలేదు. పొద్దున ప్రార్థన ఆగిపోయింది. గోడకి అవతల నిశ్శబ్దం. మాకు మెలకువ వచ్చేది, ఏదో పోయినట్టుండేది. మా అమ్మ వెళ్లి పిలిస్తే, "ఆయన ఇంట్లోకి నా మొగుణ్ణి రానివ్వలా. నేనెందుకు పోవాలే?" అందట.

అప్పుడు నేను గుంటూరులో డిగ్రీ చదువుతున్నాను. సెలవులకి వచ్చి మా అమ్మతో పాటు పత్తి తీయడానికి వెళ్లాను. నా పక్క సాలులోనే పెద్దమ్మ. తలెత్తకుండా, ఎవరితో మాట లేకుండా, రెండు చేతులా పత్తి లాగి ఒళ్లో కట్టుకున్న గుడ్డలో వేసుకుంటోంది. ఉన్నట్టుండి నిటారుగా నిలబడింది. తల పైకెత్తి అరవడం మొదలుపెట్టింది. చేలో ఆడవాళ్లందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"ఏం నాయనా! చూశావా లేదా? నీ గుమ్మం ముందే కదా కూర్చున్నా! నువ్వు లోపల ఉండి కూడా తలుపు తియ్యలేదేంది? అబద్ధం చెప్పినోడు ఇంట్లో కూర్చుని అన్నం తింటున్నాడు. నిజం చెప్పినోడు ఊరొదిలి పోయాడు. ఇదేనా నీ న్యాయం?"

మా అమ్మ భయపడి, "అక్కా, దేవుణ్ణి అట్లా అనకూడదు" అని ఆమె చెయ్యి పట్టుకోబోయింది. ఆమె విదిలించుకుంది.

"ఎందుకనకూడదే? ఆయన అరవలా సిలువ మీద? తండ్రీ, నన్నెందుకు వదిలేశావని ఆయన అడగలా? ఆయన అడిగితే వాక్యం, నేనడిగితే తప్పా?"

అంతే. ఆ మాట ఆమె నోటి నుంచి బయటికొచ్చాక, ఆమె చెవుల్లోనే పడ్డట్టుంది. నెమ్మదిగా గట్టు మీద కూలబడింది. తర్వాత, పక్కనున్న మనిషితో చెబుతున్నట్టు, మెల్లగా అంది.

"నీ మీద కూడా అబద్ధ సాక్ష్యమే చెప్పారుగా నాయనా. నిన్ను కూడా ఊరి బయటికే తోలారు. నీ శవాన్ని కూడా ఎవరినో అడుక్కునే తెచ్చుకున్నారు. అయితే నువ్వు గుళ్లో లేవా ఆ రోజు? బయట మాతోనే ఉన్నావా? మట్టిలో, నా పక్కన?"

నేను నీళ్ల చెంబు ఇస్తే గటగటా తాగింది. మూతి తుడుచుకుని నా వైపు చూసింది. ఆ మొహం నాకిప్పటికీ గుర్తుంది. ఏడ్చి ఏడ్చి నిద్రపోయి లేచిన పసిదాని మొహంలా ఉంది. "తేలిగ్గా ఉందే" అంది. లేచి మళ్లీ సాలులోకి వెళ్లింది. మర్నాడు తెల్లవారగానే గోడకి అవతల గొంతు వినిపించింది. మా నాన్న ఈసారి నవ్వలేదు. లేచి కూర్చుని విన్నాడు.

దీన్ని మౌనం అంటారా అయ్యగారూ? మా సంఘాల్లో సమాధానం అంటే మనశ్శాంతి. బయట సమాధానం అంటే జవాబు. ఆమె రెండూ కావాలన్న మనిషి. మొదటిది పత్తిచేలో దేవుడి దగ్గర తీసుకుంది. రెండోదాని కోసం మనుషుల దగ్గర ఆగింది, అంతే. ఆగడం అంటే వదిలెయ్యడం కాదు.

చాలా ఏళ్లు గడిచాయి. మొన్నామధ్య నల్ల తామర పురుగు వచ్చి మిరప పూతనంతా తినేసిన ఏడు ఉంది కదా, ఆ ఏడు మా వైపు ఎవరికీ రేపంటే నమ్మకం లేదు. చేలు ముడుచుకుపోయాయి. కల్లాలు ఖాళీ. కాయ లేకపోతే ఏరే కూలీకి పనెక్కడిది? పెద్దమ్మ తన వసారాలో ఆడవాళ్లని పోగేసి రోజూ ప్రార్థన పెట్టింది. ఆమెన్ అన్నాక ఎవరినీ లేవనిచ్చేది కాదు. "ఇప్పుడు చెప్పండి, ఎవరింట్లో పొయ్యి రాజుకోలా?" అని అడిగి, ఉన్నవాళ్ల దగ్గర తీసి లేనివాళ్ల కొంగులో పోయించేది.

ఆ రోజుల్లోనే ఆసామి పోయాడు. గుండెపోటని ఇంట్లోవాళ్లు చెప్పారు. ఊరందరికీ తెలుసు, ఎండిపోయిన మిరపచేను గట్టు మీద పురుగుమందు తాగి పడి ఉన్నాడని. బంధువులు వచ్చి బయట కుర్చీల్లో కూర్చుని గుసగుసలాడుకుని వెళ్లిపోయారు. లోపల ఆయన భార్య దగ్గరికి మాత్రం ఎవరూ వెళ్లలేదట.

పెద్దమ్మ వెళ్లింది. ఏనాడూ వసారా దాటి లోపలికి అడుగుపెట్టనివ్వని ఇంట్లోకి తిన్నగా నడిచి వెళ్లి, ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

నేనప్పటికి గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతున్నాను. ఫోన్లో సంగతి తెలిసి భగ్గుమన్నాను. ఆదివారం ఇంటికి రాగానే అడిగాను.

"వాడి కోసం నువ్వు వెళ్లడం ఏంటి పెద్దమ్మా? పెదనాన్నని చంపి, చచ్చినోడి మీద అబద్ధం వేసినవాడు!"

"వాడి కోసం పోయానా?" అంది ఆమె, చేటలో బియ్యం చెరుగుతూనే. "ఆ ఇల్లాలు ఒక్కతే గోడకి చేరగిలబడి ఉంది. మందు తాగాడన్న మాట వచ్చిన ఇంట్లో ఆడదాని పక్కన ఎవరూ కూర్చోరే. నా పక్కన ఎవరు కూర్చున్నారు?"

తర్వాత చెప్పింది అసలు సంగతి. ఆసామి భార్య ఆమెను చూడగానే చెయ్యి పట్టుకుని భోరుమందట. "మీ ఆయన తాగలేదని నాకు తెలుసు. ఆ రోజే మా ఆయన చెప్పాడు నాకు. నేనూ నోరు మూసుకున్నా. ఆ పాపమే మాకిలా తగిలింది" అందట.

"నువ్వేమన్నావు?"

"పాపం గీపం తగలడం కాదమ్మా, పురుగు తగిలింది మీ చేనుకి, ఊరందరి చేలకీ తగిలింది అన్నా. ఆ మాట ఇప్పుడొద్దు, ఇవాళ నీ ఏడుపు నువ్వు ఏడువు అన్నా. ఆ మాట ఎక్కడికీ పోదు, తర్వాత వచ్చి నేనే అడుగుతా అని చెప్పొచ్చా."

మా పల్లెలో అందరూ ఎంత పొగిడారో! దేవతట, క్షమించేసిందట. ఆమె దేవతా కాదు, క్షమించి ఊరుకునే మనిషీ కాదు. పెద్దకర్మ అయింది, ఇంట్లో జనం పల్చబడ్డారు. పెద్దమ్మ వెళ్లి, ఆ నిజం చెప్పమని అడిగింది.

"నీకు చెప్పాగా, ఇంకెవరికి చెప్పాలి?" అందట ఆసామి భార్య.

"నాకు తెలిసిన సంగతే నాకు చెప్పావమ్మా. తెలియనోళ్లకి చెప్పు. మా చర్చి ముందుకొచ్చి చెప్పు."

మరిది ఊరుకోడు, ఇంటి పరువు పోతుంది అందట. పెద్దమ్మ కసరలేదు, బతిమాలలేదు. "సరే, మళ్లీ వస్తా" అని వచ్చేసింది. మళ్లీ వెళ్లింది. వెళ్లినప్పుడల్లా కూరగాయలు తరిగిచ్చేది, దొడ్లో ఆరేసిన బట్టలు మడతపెట్టేది, ఆమెతో పాటు కాసేపు కూర్చునేది. లేచేటప్పుడు అదే మాట అడిగేది. నాకు అర్థమయ్యేది కాదు. ఇంత ప్రేమగా ఉండి, ఇంత పట్టుగా ఎట్లా ఉంటుంది ఒక మనిషి?

చివరికి కోత పండగ నాడు ఆరాధన అయ్యి, జనమంతా చర్చి ఆవరణలో నిలబడి ఉండగా, ఆసామి భార్య గేటు దగ్గర కనిపించింది. ఒక్కతే. తెల్ల చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని ఉంది. పెద్దమ్మ ఎదురెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"ఈమె మొగుడు తాగి చావలేదు" అంది ఆసామి భార్య. ఆ మాట వెనక వరసదాకా వినిపించింది. "మా చేలో మందు కొడుతూ పోయాడు. దిగుతానంటే మా ఆయన దిగనివ్వలేదు. తర్వాత అబద్ధం చెప్పాడు. నాకు తెలిసీ ఊరుకున్నాను. మస్తాన్ చెప్పిందే నిజం."

ఆనాడు తలుపుకి అడ్డం నిలబడ్డ పెద్దల్లో ఒకాయన దగ్గి, "అయిపోయిందేదో అయిపోయింది. పండగపూట ఇప్పుడెందుకివన్నీ" అన్నాడు.

"నీకు అయిపోయింది" అంది పెద్దమ్మ.

ఇప్పుడున్న అయ్యగారు కుర్రవాడు, తర్వాత వచ్చినవాడు. కళ్లు తుడుచుకుని, "అమ్మా, ఇప్పుడే అందరం సమాధి దగ్గరికి వెళ్లి, క్రమం ప్రకారం ప్రార్థన చేద్దాం" అన్నాడు.

"ఆయన కోసం ప్రార్థన చెయ్యాల్సిన పని లేదు నాయనా. దేవుడికి ఆ రోజే తెలుసు. చెయ్యాలనుంటే, ఆ రోజు అడ్డం నిలబడ్డోళ్లు ముందుకొచ్చి నిలబడి, తప్పయిందని చెప్పమను."

ఒకాయన వచ్చాడు. తలొంచుకుని, తప్పయిందమ్మా అన్నాడు. దగ్గినాయన కదల్లేదు. తర్వాత కూడా కదల్లేదు.

జనం చెదిరిపోతుంటే ఆసామి భార్య ఒంటరిగా గేటు వైపు నడిచింది. పెద్దమ్మ, "ఒక్కదాన్నే పంపుతామా?" అని చెప్పులు తొడుక్కుంది. మా అమ్మ, నేను, ఇంకొందరు ఆడవాళ్లం వెంట నడిచాం. ఊరి నడివీధిలోంచి ఆసామి ఇంటిదాకా వెళ్లాం. అరుగుల మీద వాళ్లు లేచి నిలబడి చూశారు. సంగతి అప్పటికే ఊరంతా పాకింది. గేటులో ఆమె మరిది చేతులు కట్టుకుని అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఎక్కడికొచ్చావు వదినా? పల్లెలోకి పోయి మన ఇంటి పరువు తీసినదానివి, అక్కడే ఉండు" అన్నాడు.

ఆమె కాళ్లు ఆగిపోయాయి. పెద్దమ్మ ముందుకెళ్లి అతని ఎదురుగా నిలబడింది. అతని భుజం దాకా కూడా రాదు మనిషి. గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపించింది.

"పక్కకి జరుగు బాబూ. మీ వదిన నిజం చెప్పొస్తోంది, దొంగతనం చేసి రావట్లా. నువ్వు జరిగేదాకా మేం ఇక్కడే కూర్చుంటాం. నాకు కూర్చోడం బాగా అలవాటు."

అని, అన్నంత పనీ చేసింది. వీధి మధ్యలో చతికిలబడింది. ఆమె వెనక మేమూ కూర్చున్నాం. అతను అటు చూశాడు, ఇటు చూశాడు. ఊరంతా చూస్తోంది. చేతులు దించాడు. పక్కకి జరిగాడు. ఆసామి భార్య లోపలికి వెళ్లింది. గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగి, "రేపు వస్తావా?" అని అడిగింది.

"రాక?" అంది పెద్దమ్మ.

తిరిగి వస్తూ, ఆమె పక్కన నడుస్తూ, నేను ఉండబట్టలేక అడిగాను. "ఇప్పటికి మనసు కుదుటపడిందా పెద్దమ్మా?"

ఆమె నా వైపు వింతగా చూసింది.

"నా మనసుకేమైందే? అది ఎప్పుడో కుదుటపడింది. ఇది నా మనసు కోసం కాదు, మీ పెదనాన్న పేరు కోసం."